శామీర్‌పేట నుంచి పరదేశం దాకా: విద్యార్థి స్వచ్ఛంద సేవా చరిత్రలో రెండు పద్దులు

వ్యాససంగ్రహం:

విద్యార్థులు విదేశాలకు వెళ్ళి అక్కడి సమాజాభివృద్ధి సంస్థల్లో స్వచ్ఛందంగా పనిచేయడం, ఆ పనిని ఇంటర్న్‌షిప్‌గా నమోదు చేసుకోవడం ఇటీవలి పరిణామంగా కనిపిస్తుంది. కాని చదువుకునేవాడు తనది కాని ఊరికి వెళ్ళి, కొంతకాలం ఉండి, సేవ చేస్తూ నేర్చుకునే పద్ధతికి తెలుగు నేలపై డెబ్బై ఏళ్ళకు మించిన చరిత్ర ఉంది. నేడు గండిమైసమ్మ, మేడ్చల్, శామీర్‌పేటలుగా విస్తరించిన హైదరాబాదు ఉత్తర శివారులోనే ఆ చరిత్రలోని ఒక ముఖ్యమైన ఘట్టం జరిగింది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో నిర్వహించిన సామాజిక సేవా విస్తరణ పథకాన్ని కేంద్రంగా తీసుకొని, విద్యార్థి సేవలో విద్యార్థి పొందినదీ ఊరు పొందినదీ ఎలా నమోదవుతూ వచ్చాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: శామీర్‌పేట, ఉస్మానియా విశ్వవిద్యాలయం, శ్యామాచరణ్ దూబే, సమాజాభివృద్ధి, స్వచ్ఛంద సేవ, ఇంటర్న్‌షిప్, జాతీయ సేవా పథకం.

1. ఉపోద్ఘాతం:

బాలానగర్ నుంచి నర్సాపూర్ వెళ్ళే దారిని బాచుపల్లి - మేడ్చల్ దారి దాటే కూడలి గండిమైసమ్మ. గండి అంటే కట్ట తెగిన చోటు. మైసమ్మ తెలంగాణలో చెరువు కట్టలను కాచే గ్రామదేవత. చెరువునూ సేద్యాన్నీ నమ్ముకొని బతికిన ప్రాంతపు జ్ఞాపకం ఆ పేరులో నిలిచి ఉంది. ఇప్పుడు అదే కూడలి చుట్టూ ఇంజనీరింగ్ కళాశాలలు వెలిశాయి. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లాలో దుండిగల్ గండిమైసమ్మ ఒక మండలమైంది. తూర్పున శామీర్‌పేట పరిసరాల్లో 1998లో ఆరంభమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం ఉన్నాయి.

పల్లెలు కళాశాలల నెలవులుగా మారిన ఈ ప్రాంతంలో విద్యార్థికి అంతర్జాతీయ స్వచ్ఛంద సేవ గురించిన సమాచారం తేలికగానే అందుతుంది. కొన్ని వారాలు వేరే దేశంలో ఉండి బడిపిల్లలకు పాఠాలు చెప్పడం, పర్యావరణ కార్యక్రమాల్లో పాల్గొనడం, స్త్రీల స్వయం సహాయక బృందాలతో పనిచేయడం వీటి సాధారణ స్వరూపం. తిరిగి వచ్చిన విద్యార్థి చేతిలో ధ్రువపత్రం ఉంటుంది. అతనికి ఆతిథ్యమిచ్చిన ఊరి చేతిలో ఏముంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే, ఇదే ప్రాంతం ఆతిథ్యమిచ్చిన కాలానికి వెళ్ళవలసి ఉంటుంది.

2. చారిత్రక నేపథ్యం:

చదువుకున్న యువకుడు పరాయి ఊరిలో పనిచేయడమనే ఆలోచన భారతదేశంలో ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల్లోనే రూపు దిద్దుకుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానంపై సురుల్ గ్రామానికి వచ్చి, 1922లో గ్రామ పునర్నిర్మాణ సంస్థను ప్రారంభించిన లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ ఇంగ్లండు దేశస్థుడు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం చదివి నేరుగా బెంగాలు పల్లెకు వచ్చినవాడు. ఆ సంస్థే తర్వాత శ్రీనికేతన్‌గా ప్రసిద్ధి పొందింది. 1934 జనవరిలో బీహారును భూకంపం కుదిపేసిన తర్వాత, అంతర్జాతీయ పౌరసేవా ఉద్యమ స్థాపకుడు పియేర్ సెరెసోల్ స్విట్జర్లాండు నుంచి వచ్చి గ్రామాల పునర్నిర్మాణంలో పాల్గొన్నాడు. యుద్ధంలో శత్రువులుగా నిలిచిన దేశాల యువకులు కలిసి శారీరక శ్రమ చేస్తే శాంతి నెలకొంటుందన్నది ఆ ఉద్యమ విశ్వాసం.

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితులు వేరు. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూదానోద్యమానికి నాంది పలికాడు. అదే సంవత్సరం అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటన వెలువడింది. పల్లె అనే మాట రాజకీయంగా అత్యంత బరువైన మాటగా ఉన్న కాలమది. పట్నంలోని విశ్వవిద్యాలయం పల్లెకు కదలడం ఈ నేపథ్యంలో జరిగింది.

3. శామీర్‌పేటలో ఉస్మానియా పథకం (1951-52):

హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రహదారిపై ఉన్న శామీర్‌పేటను ఉస్మానియా విశ్వవిద్యాలయం తన సామాజిక సేవా విస్తరణ పథకానికి ఎంచుకుంది. దానికి నేతృత్వం వహించిన శ్యామాచరణ్ దూబే 1922లో మధ్యపరగణాల్లోని నర్సింగ్‌పూర్‌లో జన్మించిన మానవశాస్త్రవేత్త. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ వంటి మానవశాస్త్రవేత్త అంతకుముందు పనిచేసిన ఉస్మానియాలో దూబే సమాజశాస్త్రం బోధించేవాడు.

ఈ పథకం నిర్మాణమే దాని విశిష్టత. సామాజిక పరిశీలకులతో పాటు వైద్యం, వ్యవసాయం, పశువైద్యం, విద్య వంటి రంగాలకు చెందినవారు ఇందులో పాలుపంచుకున్నారు. ఒక శాస్త్రం ఊరిని ముక్కలుగా చూస్తుంది కనుక, పలు శాస్త్రాలు కలిసి చూడాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. పథకం పేరులోని ‘సేవ’, ‘విస్తరణ’ అనే రెండు మాటలూ గమనించదగినవి. ఊరికి ఏదో ఒకటి అందించడం సేవ. విశ్వవిద్యాలయపు జ్ఞానాన్ని గోడల బయటికి తీసుకువెళ్ళడం విస్తరణ. మూడవదైన ‘అధ్యయనం’ పేరులో లేదు. చివరకు లోకానికి మిగిలింది మాత్రం ఆ మూడవదే.

కాలక్రమంలో ఈ పథకం స్థానం ప్రత్యేకమైనది. కేంద్ర ప్రభుత్వం సమాజాభివృద్ధి కార్యక్రమాన్ని 55 ప్రాజెక్టులతో ప్రారంభించినది 1952 అక్టోబరు 2న. జాతీయ విస్తరణ సేవ 1953 అక్టోబరు 2న మొదలైంది. అంటే ప్రభుత్వ యంత్రాంగం బ్లాకులుగా, గ్రామసేవకులుగా పల్లెలోకి దిగకముందే శామీర్‌పేటలో విద్యార్థులూ అధ్యాపకులూ ఆ పనికి ఒక చిన్న నమూనా చూపారు.

సేవ, అధ్యయనం ఒకే బృందం చేతిలో ఉండటం వల్ల రెండు ఫలితాలుంటాయి. పశువుకు వైద్యం జరిగిన ఇంట్లో మర్నాడు కుటుంబ వివరాలు అడగడం సులువవుతుంది. సేవ పరిశోధనకు తలుపు తెరుస్తుంది. అదే సమయంలో మందు ఇచ్చే చేయీ ప్రశ్న అడిగే నోరూ ఒకరివే అయినప్పుడు, జవాబు చెప్పకుండా ఉండే స్వేచ్ఛ గ్రామస్థుడికి ఎంత మిగులుతుందన్న నైతిక సమస్య తలెత్తుతుంది. స్వచ్ఛంద సేవలో ‘స్వచ్ఛందం’ వచ్చినవారికి సంబంధించినది మాత్రమే కాదు, ఆతిథ్యమిచ్చిన వారికీ వర్తించవలసిన గుణం. సేవా ఇంటర్న్‌షిప్‌ల చర్చలో ఈ రెండవ పక్షం ప్రస్తావన తక్కువ.

4. ఊరు గ్రంథమైన తీరు:

శామీర్‌పేట అధ్యయనం ఆధారంగా దూబే రచించిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో లండన్‌లో ప్రచురితమైంది. కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మోరిస్ ఓప్లర్ దానికి ముందుమాట రాశాడు. ఎం.ఎన్. శ్రీనివాస్ సంపాదకత్వంలో ‘ఇండియాస్ విలేజెస్’, మెకిమ్ మారియట్ సంపాదకత్వంలో ‘విలేజ్ ఇండియా’ వెలువడినదీ ఆ సంవత్సరమే. భారతీయ గ్రామ అధ్యయనాల చరిత్రలో 1955 ఒక మైలురాయి. ఆ మైలురాయిపై ఒక తెలంగాణ పల్లె పేరు చెక్కి ఉంది.

ఊరి స్వరూపం, సామాజిక నిర్మాణం, ఆర్థిక నిర్మాణం, ఆచార వ్యవస్థ, కుటుంబ బంధాలు, జీవన ప్రమాణం, కలిసి జీవించే పద్ధతులు, మారుతున్న పరిస్థితులు అన్న క్రమంలో ఆ గ్రంథం సాగుతుంది. గ్రామంలో ఒక వ్యక్తి స్థాయిని నిర్ణయించే అంశాలుగా దూబే ఆరింటిని గుర్తించాడు: మతం - కులం, భూమి, సంపద, ప్రభుత్వోద్యోగంలోనూ గ్రామ వ్యవస్థలోనూ ఉన్న హోదా, వయస్సు, వ్యక్తిత్వ విశిష్టత. కులమొక్కటే అన్నిటినీ శాసిస్తుందన్న సరళ సూత్రానికి ఇది సవరణగా నిలిచింది.

ఈ ఆరు అంశాలను ఊరికి వచ్చిన విద్యార్థికి వర్తింపజేసి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. వయస్సులో అతడు చిన్నవాడు. ఆ ఊరిలో అతనికి భూమి లేదు. కాని పట్నపు చదువు, ప్రభుత్వానికి దగ్గరివాడన్న భావన అతన్ని ఊరి నిచ్చెనలో పై మెట్టు మీద నిలబెడతాయి. సేవకుడనని అతడు చెప్పుకున్నా ఊరు అతన్ని అధికారి నీడగా చూడగలదు. ఈ వైరుధ్యం శామీర్‌పేటతో ముగియలేదు. దూబే తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని సమాజాభివృద్ధి ప్రాజెక్టును పరిశీలించి 1958లో ప్రచురించిన ‘ఇండియాస్ చేంజింగ్ విలేజెస్’లో, ప్రయోజనాల్లో అధిక భాగం అప్పటికే బాగున్న రైతులకు చేరిన తీరును చూపాడు. దిగుబడి పెంచే గోధుమ విత్తనం రుచి విషయంలో ఇళ్ళలో అసంతృప్తికి గురైన సంగతిని కూడా చర్చించాడు. విత్తనం ఇచ్చినవారు పొలాన్ని చూశారు గాని వంటింటిని చూడలేదు. వంటింటిని చూడాలంటే ఊళ్ళో ఉండాలి, ఊరి భాష వినాలి.

శామీర్‌పేట గ్రంథంలోని లెక్కలు ఊరికి సంబంధించినవి: కులాలు, కుటుంబాలు, వృత్తులు, పంటలు, ఆహారం. ఆ పనిలో పాల్గొన్న విద్యార్థుల శిక్షణ ఎలా సాగింది, వారు ఏమి నేర్చుకున్నారు అన్నది ఆ గ్రంథం చేపట్టిన విషయం కాదు. ఊరి పద్దు వివరంగా నిండింది, విద్యార్థి పద్దు వెనక్కి జరిగింది. అయితే ఊరి పద్దు ఊరి భాషలో కాక ఇంగ్లీషులో, ఊరిలో కాక లండన్‌లో అచ్చయింది. తన గురించి రాసినదాన్ని చదివి ‘ఇది నిజం, ఇది కాదు’ అని చెప్పే వీలు నాటి శామీర్‌పేట రైతుకు దాని వల్ల కలగలేదు.

5. సముద్రాలు దాటిన సేవ:

1950వ దశకం చివర విద్యార్థి సేవ సంస్థాగతంగా దేశాల సరిహద్దులు దాటింది. 1958లో బ్రిటన్‌లో అలెక్ డిక్సన్ చొరవతో విదేశాల్లో స్వచ్ఛంద సేవ చేసే సంస్థ ఆవిర్భవించింది. 1961 మార్చి 1న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పీస్ కోర్‌ను నెలకొల్పాడు. దాని తొలి బృందం ఆ ఏడాది చివరకల్లా భారతదేశంలో అడుగుపెట్టి పంజాబులో పని ప్రారంభించింది. 1976 నాటికి భారతదేశంలో దాని కార్యక్రమం ముగిసింది.

తెలుగు ప్రాంతాలకు ఈ ప్రవాహం వేరే దారుల్లో చేరింది. 1969లో కోస్తా ఆంధ్రను తుపాను దెబ్బతీసిన తర్వాత, బెల్జియం దేశస్థుడైన జెస్యూట్ ఫాదర్ మైకేల్ విండీ గుంటూరు కేంద్రంగా గ్రామ పునర్నిర్మాణానికి పూనుకున్నాడు. ఊళ్ళను తిరిగి నిలబెట్టే ఆ పనిలో బెల్జియం యువతీయువకులు శిబిరాలుగా వచ్చి పాల్గొన్నారు. బార్సిలోనాలో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లోనే అనంతపురం చేరి గ్రామీణాభివృద్ధి పనికి శ్రీకారం చుట్టాడు. ఆ సంస్థతో స్పెయిన్ దేశపు స్వచ్ఛంద కార్యకర్తల సంబంధం ఇప్పటికీ కొనసాగుతున్నది. ఈ రెండు సందర్భాల్లోనూ విదేశీ యువకుల రాక ఒక సుదీర్ఘమైన స్థానిక పనికి అనుబంధం మాత్రమే. వారు రాకముందూ పని ఉంది, వెళ్ళిపోయిన తర్వాతా పని ఉంటుంది. విద్యార్థి కోసం కల్పించిన పనికీ ఊరి కోసం జరుగుతున్న పనిలో విద్యార్థి చేయి వేయడానికీ మధ్య తేడా ఇక్కడే ఉంది.

ఈ తేడాను అత్యంత కటువుగా చెప్పినవాడు ఇవాన్ ఇలిచ్. 1968 ఏప్రిల్‌లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, వేసవి సేవ కోసం వచ్చిన అమెరికన్ విద్యార్థుల బృందాన్ని ఉద్దేశించి చేసిన ప్రసంగంలో వారి సదుద్దేశాన్ని శంకించకుండానే వారి సేవను తిరస్కరించాడు. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దన్నది ఆ ప్రసంగ సారాంశం. భాష రానివారు, ఊరివారితో సమానంగా మాట్లాడలేనివారు తాము చేస్తున్న హానిని కూడా గ్రహించలేరన్నది అతని వాదం. ఈ విమర్శ నేటికీ కాలం చెల్లనిది. అనాథాశ్రమాల్లో విదేశీ స్వల్పకాలిక స్వచ్ఛంద సేవ పిల్లలకు హాని కలిగిస్తుందన్న ఆందోళన 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కులపై ఆమోదించిన తీర్మానంలోనూ చోటు చేసుకుంది.

అయితే ఇలిచ్ వాదాన్ని యథాతథంగా స్వీకరిస్తే శామీర్‌పేట వంటి ప్రయోగానికి చోటుండదు. అక్కడ నేర్చుకోవడమూ సేవ చేయడమూ రెండుగా విడిపోలేదు. వైద్యుడి పరిశీలన అతని చికిత్సకు ఆధారమైనట్లే, ఊరిని తెలుసుకోవడం ఊరికి చేసే పనికి ఆధారం. నేర్చుకుంటున్న సంగతిని దాచి, సేవ మాత్రమే చేస్తున్నట్లు చెప్పుకోవడంలో ఉంది చిక్కు.

6. జాతీయ సేవా పథకం నుంచి ఇంటర్న్‌షిప్ దాకా:

విద్యార్థి సేవను జాతీయ స్థాయిలో వ్యవస్థీకరించే ప్రయత్నాలు దేశంలో చాలాకాలం సాగాయి. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. పలు దేశాల అనుభవాలను పరిశీలించిన కె.జి. సయ్యదైన్ విద్యార్థి సేవ స్వచ్ఛందంగానే ఉండాలని సూచించాడు. చివరకు 1969 సెప్టెంబరు 24న, మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ప్రత్యేక శిబిరం దాని చట్రం.

తర్వాతి కాలంలో సేవ క్రమంగా పాఠ్యప్రణాళికలో భాగమైంది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంటర్న్‌షిప్ విధానం ఇంజనీరింగ్ విద్యార్థికి మొత్తం మీద 600 నుంచి 700 గంటలు నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ విద్యార్థులకు 180 గంటల సమాజసేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. విదేశీ స్వచ్ఛంద ఇంటర్న్‌షిప్ ఈ క్రమంలోనే ఆకర్షణ పొందింది. రెండవ ప్రపంచ యుద్ధానంతర ఐరోపాలో దేశాల మధ్య అవగాహన లక్ష్యంగా 1948లో పుట్టిన ఐసెక్ వంటి విద్యార్థి సంస్థలు అందుకు మార్గం చూపుతున్నాయి.

ఈ అంకెలన్నిటినీ ఒకచోట ఉంచి చూడాలి. 37 విశ్వవిద్యాలయాలు, 40,000 మంది విద్యార్థులు, 240 గంటలు, 180 గంటలు: ఇవన్నీ పంపినవారి లెక్కలు. సేవ ఎవరు చేశారు, ఎంతసేపు చేశారు అన్నది వీటిలో ఉంది. సేవ ఎవరికి అందింది, ఏడాది తర్వాత అందులో ఏమి మిగిలింది అన్నది లేదు. శామీర్‌పేట గ్రంథంలో విద్యార్థి పద్దు వెనక్కి జరిగితే, ఇంటర్న్‌షిప్ పత్రాల్లో ఊరి పద్దే కనిపించకుండా పోయింది. ‘స్వచ్ఛందం’ అన్న మాట ‘తప్పనిసరి’గా మారిన చోట ఈ లోటు మరింత పెద్దది. గంటలు పూర్తి కావడమే లక్ష్యమైతే, ఊరు గంటలు నింపే స్థలమవుతుంది.

7. పరదేశం అంటే ఎంత దూరం?

విదేశీ ఇంటర్న్‌షిప్‌ను విమానయానంతోనూ వీసాతోనూ కొలవడం పరిపాటి. శామీర్‌పేట ఉదాహరణ మరో కొలతను సూచిస్తుంది. 1918లో ఉర్దూ బోధనా మాధ్యమంగా స్థాపితమైన ఉస్మానియా, పోలీసు చర్య తర్వాత ఇంగ్లీషు వైపు మళ్ళింది. అటువంటి విశ్వవిద్యాలయం నుంచి తెలుగు పల్లెకు వెళ్ళడమంటే రహదారి మీద కొద్ది దూరమే గాని, భాషలో చాలా దూరం. పథక సారథి మాతృభాష సైతం తెలుగు కాదు. పోచమ్మ, మైసమ్మ కొలుపుల అర్థాన్నీ, కుండ చేసేవాడికీ పొలం దున్నేవాడికీ మధ్య ధాన్యం రూపంలో సాగే ఇచ్చిపుచ్చుకోవడాన్నీ గ్రహించాలంటే ఊరి మనిషే గురువు కావాలి.

విదేశంలో పనిచేసే తెలుగు విద్యార్థిది కూడా ఇదే స్థితి. అక్కడి బడిలో అతడు ఉపాధ్యాయుడిగా నిలబడినా, బయట అంగట్లో కూరగాయలు కొనడానికి ఆ బడిపిల్లవాడి సాయం అవసరమవుతుంది. ఇందులో చిన్నతనమేమీ లేదు, నిజానికి ఇది ఆ అనుభవంలోని అత్యంత విలువైన భాగం. ఆతిథ్యమిచ్చినవారు చేసే ఈ బోధన, వండి పెట్టే భోజనం, వెచ్చించే కాలం ఏ పద్దులోనూ చేరవు. జమాఖర్చు సరిగా రాస్తే చాలా సందర్భాల్లో ఊరే దాతగా, విద్యార్థే గ్రహీతగా తేలే అవకాశం ఉంది.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. విద్యార్థి సేవా ఇంటర్న్‌షిప్ తెలుగు నేలకు బయటి నుంచి వచ్చిన కొత్త పద్ధతి కాదు. 1951-52 నాటి శామీర్‌పేట పథకం దానికి స్పష్టమైన పూర్వరూపం. అది ప్రభుత్వ సమాజాభివృద్ధి కార్యక్రమం కంటే ముందుది.

2. సేవనూ అధ్యయనాన్నీ విడదీయడం కంటే, రెండూ జరుగుతున్నాయని ఊరికి ముందే చెప్పడం నైతికంగా మేలైన మార్గం. ఊరి అంగీకారం కూడా స్వచ్ఛందమై ఉండాలి.

3. గుంటూరు, అనంతపురం అనుభవాల్లో విదేశీ యువకుల సేవ ఎడతెగని స్థానిక పనికి అనుబంధంగా సాగింది. ఆతిథ్య సంస్థను ఎంచుకునే విద్యార్థికీ, అనుమతించే కళాశాలకూ ఇది తొలి గీటురాయి కావాలి.

4. గంటల లెక్కతో పాటు ఊరి లెక్క కూడా నివేదికలో భాగం కావాలి. ఆ నివేదిక ఆతిథ్యమిచ్చిన వారి భాషలో వారి చేతికి అందాలి. వారి దిద్దుబాట్లు అందులో చేరిన తర్వాతే విద్యార్థికి ధ్రువపత్రం ఇవ్వడం సమంజసం.

ఒకనాడు విద్యార్థులు శామీర్‌పేటకు వచ్చి ఊరి వివరాలు రాసుకున్నారు. ఇప్పుడు ఆ పరిసరాల కళాశాలల నుంచే విద్యార్థులు పరదేశాల ఊళ్ళకు బయలుదేరుతున్నారు. తమ పొరుగు పల్లె ఒకప్పుడు ఆతిథ్యమిచ్చే పక్షంలో నిలిచిందన్న సంగతి వారికి తెలిస్తే, వెళ్ళిన చోట ఎలా మసలుకోవాలో చెప్పే తొలి పాఠం ఇంటి దగ్గరే దొరుకుతుంది.